కుక్కతో నిదానంగా నడుద్దాం: సాలిస్‌బరీ నేర్పే నీటి పాఠం



కుక్కను వెంటబెట్టుకొని నడిచేవారు తొందరపడలేరు. ప్రతి చెట్టు మొదట్లో, ప్రతి గోడ మూలన అది ఆగుతుంది. దానితో పాటు మనమూ ఆగుతాము. ఆగినచోట ఒకసారి చుట్టూ చూస్తాము. ఈ నెల పాఠం కోసం అలా ఆగుతూ ఇంగ్లండులోని సాలిస్‌బరీ పట్టణాన్ని చుట్టి వద్దాం రండి. అది పెద్ద కేథడ్రల్ ఉన్న పాత పట్టణం. అందమైన చోటే గాని, ఆ అందం వెనుక కలరా కథ ఒకటి ఉంది.

1. కాలువ లేని కాలువ వీధి

మార్కెట్ ప్లేస్ దగ్గర బయలుదేరుదాం. పక్క వీధి పేరు న్యూ కెనాల్, అంటే కొత్త కాలువ. ఎంత వెదకినా అక్కడ కాలువ కనబడదు. ఒకప్పుడు మాత్రం ఉండేది.

మొదట ఈ ఊరు ఉత్తరాన సుమారు 3 కిలోమీటర్ల దూరంలో, ఓల్డ్ సారమ్ అనే గుట్టమీద ఉండేది. అక్కడ గాలి ఎక్కువ, నీరు తక్కువ. అందుచేత 13వ శతాబ్దంలో నది పక్కకు దిగివచ్చి కొత్త ఊరు కట్టుకున్నారు. వీధి వీధికీ కాలువలు తీశారు. నీళ్ల కోసం దిగివచ్చినవారికి నీళ్లు దొరికాయి. కానీ కాలక్రమేణా ఇళ్ల మురుగు, చెత్త ఆ నీటిలోనే కలిసింది.

1849లో కలరా వచ్చింది. ఈ చిన్న ఊరిలో 190 మందికి పైగా చనిపోయారు. చెడుగాలి వల్ల కలరా వస్తుందని ఆ రోజుల్లో చాలామంది డాక్టర్లు కూడా నమ్మేవారు. ఈ ఊరిలో వైద్యం చేసిన డాక్టర్ మిడిల్టన్ మాత్రం మురుగు పోయే దారి, మంచినీరు వచ్చే దారి వేరు కావాలని పట్టుబట్టారు. 1850 దశకంలో కాలువలు పూడ్చి, భూమిలోపల మురుగు గొట్టాలు వేశారు. ఆ దశకంలోనే, 1854లో, లండనులో డాక్టర్ జాన్ స్నో ఒక వీధి పంపు చుట్టూ చనిపోయినవారి ఇళ్లను గుర్తించి, కలరా నీటి ద్వారా వస్తుందని చూపించారు.

2. కేథడ్రల్ ఆవరణ

పాత రాతి గుమ్మం దాటి లోపలికి వెళ్దాం. ఈ గుమ్మాన్ని ఇప్పటికీ రాత్రిళ్లు మూసివేస్తారు. కుక్క తాడు చేతిలోనే ఉంచుకోండి. ఎదురుగా పెద్ద పచ్చిక, దాని మధ్య మందిరం. 1220లో పునాది వేసి, 38 ఏళ్లలో ముఖ్యభాగం పూర్తిచేశారు. తరువాత కట్టిన శిఖరం ఎత్తు 123 మీటర్లు. బ్రిటన్‌లో అంత ఎత్తైన మందిర శిఖరం మరొకటి లేదు. మోకాళ్ల నొప్పులవారు ఇక్కడ కాసేపు కూర్చోవచ్చు.

మందిరానికి ఎదురుగా మ్యూజియం ఉంది. ఒకరు కుక్కను బయట పట్టుకుంటే మరొకరు లోపలికి వెళ్లి రావచ్చు. కాలువలు పూడ్చేటప్పుడు బురదలో దొరికిన తాళంచెవులు, చెంచాలు, కత్తులు లోపల ఉన్నాయి. వాటిని భద్రపరచడానికే 1860లో ఈ మ్యూజియం మొదలైంది.

3. పచ్చిక మైదానాల దారి

అదే గుమ్మంగుండా బయటికి వచ్చి, నది వంతెన దాటితే హార్న్‌హామ్ అనే చోటికి కాలిబాట ఉంది. రెండు వైపులా నీటి పాయలు, పచ్చిక. గొర్రెలు మేస్తుంటాయి గనుక కుక్కను వదలరాదు. వెనక్కి తిరిగితే శిఖరం పూర్తిగా కనబడుతుంది. కాన్‌స్టబుల్ అనే చిత్రకారుడు ఈ పచ్చిక మైదానాలవైపు నుండి మందిరాన్ని చూసి వేసిన చిత్రం 1831లో ప్రదర్శనకు వచ్చింది.

కుక్క మలవిసర్జన చేస్తే యజమాని చిన్న సంచితో ఎత్తి చెత్తడబ్బాలో వేయాలి. కుక్క మలంలో ఏలికపాముల గుడ్లు ఉండవచ్చు. అవి మట్టిలో చాలాకాలం బ్రతికి, ఆడుకునే పిల్లల చేతుల ద్వారా కడుపులోకి చేరతాయి. 1849 పాఠం కూడా ఇదే: ఒకరి మురుగు మరొకరి నోటికి చేరరాదు.

మనం చేయవలసినవి

• బోరు, బావి దగ్గర మురుగు నిలువనివ్వకండి. వానాకాలంలో నీరు కాచి, చల్లార్చి త్రాగండి.
• నీళ్ల విరేచనాలు మొదలైతే ఆలస్యం చేయక, పాకెట్ మీద రాసినంత నీటిలో ఓఆర్‌ఎస్ కలిపి ఇవ్వండి. మనిషి నీరసిస్తే, మూత్రం తగ్గితే ఆసుపత్రికి తీసుకురండి.
• వారానికి 150 నిమిషాలు కాస్త చురుకుగా నడవండి. మాట్లాడగలగాలి గాని పాట పాడలేనంత వేగం ఉండాలి. కుక్క ఆగిన సమయం ఇందులో లెక్కకు రాదు! షుగరు ఉన్నవారు చెప్పులు లేకుండా నడవరాదు.
• ఇంగ్లండు కుక్కలలో రేబిస్ లేదు. మన దేశంలో ఉంది. పెంపుడు కుక్కకు టీకా తప్పక వేయించండి. కుక్క కరిస్తే ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసరు పెట్టకండి. అదే రోజు ఆసుపత్రికి వచ్చి, టీకాలు చెప్పిన తేదీలలో అన్నీ వేయించుకోండి. రేబిస్ లక్షణాలు కనబడిన తరువాత ప్రాణం దక్కించడం దాదాపు అసాధ్యం.

ఇంటిలో మాట్లాడుకొనుటకు

1. మన ఇంటి మురుగు ఎక్కడికి పోతోంది? మనం త్రాగే నీరు ఎక్కడినుండి వస్తోంది? ఈ రెండూ ఎక్కడైనా కలుస్తున్నాయా?
2. మన వీధిలో టీకా వేయని పెంపుడు కుక్కలు ఉన్నాయా?

జవాబు తెలియకపోతే ఈ సాయంత్రమే వీధి చివరివరకు నిదానంగా నడిచి చూసి రండి.