అలాస్కా రహదారి – ఒక పాఠం



శీతల మండలం గురించి మనం సాంఘిక శాస్త్రంలో చదువుకున్నాం. అక్కడ చలికాలంలో ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 40 డిగ్రీలకు కూడా పడిపోతుంది. అలాంటి చోట అడవులు, కొండలు, నదుల మధ్యగా సాగే రోడ్డు అలాస్కా రహదారి. ఇది కెనడాలోని డాసన్ క్రీక్ అనే ఊరిలో మొదలై అమెరికాకు చెందిన అలాస్కా రాష్ట్రంలో డెల్టా జంక్షన్ వద్ద ముగుస్తుంది. పొడవు సుమారు 2,232 కిలోమీటర్లు. హైదరాబాదు నుండి ఢిల్లీకి ఉన్న దూరం కన్నా ఎక్కువ!

చక్రాల మీద ఇల్లు

వేసవిలో చాలా మంది ఈ దారిలో మోటారు హోమ్‌లో ప్రయాణిస్తారు. మోటారు హోమ్ అంటే బస్సు వంటి వాహనంలోనే అమర్చిన చిన్న ఇల్లు. అందులో మంచం, గ్యాసు పొయ్యి, మంచినీళ్ళ ట్యాంకు, మరుగుదొడ్డి ఉంటాయి. వాడిన నీటికి ఒక ట్యాంకు, మరుగుదొడ్డి మురుగుకు ఇంకొక ట్యాంకు. వాటిని దారిలో ఎక్కడపడితే అక్కడ వదలకూడదు. అందుకోసం ఏర్పాటు చేసిన చోటనే ఖాళీ చేయాలి.

ఈ దారిలో ఊరికీ ఊరికీ మధ్య దూరం ఎక్కువ. ఫోర్ట్ నెల్సన్ నుండి వాట్సన్ లేక్ వరకు 500 కిలోమీటర్లకు పైగా కొండదారి. మధ్యలో చిన్న మజిలీలు తప్ప పెద్ద ఊరు లేదు. చాలా చోట్ల సెల్‌ఫోన్ పనిచేయదు. అందువల్ల ట్యాంకు సగమవగానే ఇంధనం నింపుకోవడం, అదనపు టైరు, తిండి, దుప్పట్లు, కాగితపు మ్యాపు దగ్గర ఉంచుకోవడం అవసరం. లియార్డ్ నది ప్రాంతంలో అడవి దున్నలు రోడ్డు మీదికే వస్తాయి. అక్కడే వేడినీటి బుగ్గలు కూడా ఉన్నాయి.

రోడ్డు ఎందుకు ఎగుడుదిగుడు అవుతుంది?

యూకాన్ ప్రాంతంలో, ముఖ్యంగా బీవర్ క్రీక్ వైపు, రోడ్డు అలల మాదిరిగా ఉంటుంది. కారణం పెర్మాఫ్రాస్ట్, అంటే ఏళ్ళ తరబడి గడ్డకట్టే ఉండే నేల. మన ఊళ్ళలో ఐసు గడ్డ కరగకుండా ఊక పోసి గోనెసంచి కప్పుతారు కదా! అక్కడ నేల మీది నాచు ఆ ఊక లాంటిది. నాచును తొలగిస్తే ఎండ తగిలి లోపలి మంచు కరుగుతుంది, నేల కుంగుతుంది. రోడ్డు వేసిన తొలి రోజుల్లో నాచును బుల్‌డోజర్లతో గీకివేశారు. ఆ బురదలో యంత్రాలే కూరుకుపోయాయి. తరువాత నాచును అలాగే ఉంచి, దాని మీద చెట్ల దుంగలు అడ్డంగా పరచి, పైన కంకర పోశారు.

ఎవరు వేశారు?

1941 డిసెంబరు 7న జపాన్ పెర్ల్ హార్బర్‌పై దాడి చేసింది. అలాస్కాకు భూమార్గం లేకపోవడంతో అమెరికా 1942 మార్చిలో ఈ పని మొదలుపెట్టింది. పదివేల మందికి పైగా సైనికులు పనిచేశారు. వారిలో సుమారు మూడో వంతు నల్లజాతివారు. అప్పట్లో అమెరికా సైన్యంలో నల్లవారికి వేరే దళాలు, వేరే గుడారాలు ఉండేవి. పైఅధికారులు ఎక్కువగా తెల్లవారే. నల్ల సైనికులు అలాస్కాకు రావడమే ఇష్టం లేదని అక్కడి సేనాని బక్నర్ అభ్యంతరం చెప్పాడు. 95వ దళం చేతిలోని పెద్ద యంత్రాలను తెల్లవారి దళానికి ఇచ్చి, వీరికి గొడ్డళ్ళు, పారలు మిగిల్చారు.

అయినా ఆ దళమే సికాని చీఫ్ నదిపై కొయ్య వంతెనను నాలుగు రోజుల లోపే కట్టింది. గడ్డకట్టించే చల్లని నీటిలో దిగి, రాత్రిళ్ళు లారీల దీపాల వెలుగులో పనిచేశారు. 1942 అక్టోబరు 25న బీవర్ క్రీక్ వద్ద రెండు వైపుల నుండి వస్తున్న బుల్‌డోజర్లు ఎదురెదురయ్యాయి. ఒకదానిపై నల్ల సైనికుడు రెఫైన్స్ సిమ్స్, రెండోదానిపై తెల్ల సైనికుడు ఆల్ఫ్రెడ్ జలుఫ్కా. ఇద్దరూ చేయి చేయి కలిపారు. నవంబరు 20న రోడ్డును ప్రారంభించారు.

1948లో అధ్యక్షుడు ట్రూమన్ సైన్యంలో జాతి వివక్షను తొలగించాలని ఆజ్ఞ ఇచ్చాడు. రోడ్డు పనిలో నల్ల సైనికులు చూపిన సామర్థ్యం కూడా అందుకు తోడ్పడిందని చెబుతారు. 1993లో అలాస్కాలోని గెర్‌స్టిల్ నది వంతెనకు నల్లజాతి మాజీ సైనికుల స్మారకంగా పేరు పెట్టారు. అంటే గుర్తింపుకు యాభై ఏళ్ళు పట్టింది.

ఇంకొక మాట కూడా మరువరాదు. ఈ రోడ్డుతో పాటు తట్టు వంటి అంటువ్యాధులు అక్కడి ఆదివాసుల గూడేలకు చేరి ప్రాణాలు తీశాయి. 1943లో క్లువానీ ప్రాంతంలో వేటను నిషేధించడంతో, తరతరాలుగా అక్కడ బ్రతికినవారికే ఆ అడవి దూరమైంది.

మనం నేర్చుకోవలసింది

మన హాస్టల్లో చాలా మంది తల్లిదండ్రులు రోడ్డు పనికో, కాలువ పనికో వెళ్ళినవారే. రోడ్డు పక్క శిలాఫలకంపై వారి పేర్లు ఉండవు. అందుకని ఆ పని చిన్నది కాదు. చదువుకున్న మనమే వారి చరిత్రను అడిగి తెలుసుకుని రాయాలి.

ఆలోచించండి

1. నాచును తీసివేస్తే నేల ఎందుకు కుంగుతుంది?
2. యంత్రాలు లేకున్నా 95వ దళం ఏమి నిరూపించింది?
3. మీ ఊరి రోడ్డును ఎవరు వేశారు? పెద్దలను అడిగి పది వాక్యాలు రాయండి.