అశ్వసేవకుడైన పార్థసారథి

భారతయుద్ధమున 14వ దినము. అభిమన్యుని మృతికి కారకుడైన సైంధవుని సూర్యాస్తమయము లోపల సంహరింతునని అర్జునుడు ప్రతిన పూనినాడు. పొద్దు వాలుచున్నది, సైంధవుడింకను దూరముననే యున్నాడు. రథమునకు పూన్చిన తెల్లని గుఱ్ఱములు బాణముల తాకిడికి గాయపడి, దప్పికచే డస్సినవి.

ద్రోణపర్వమునందలి ఈ ఘట్టము మిక్కిలి మననీయము. గుఱ్ఱములను విప్పి సేదదీర్చుట యుక్తమని అర్జునుడనగా, శ్రీకృష్ణుడు వెంటనే సమ్మతించెను. అర్జునుడు రథము దిగి, నేలపై నిలిచి, గాండీవముతో శత్రుసేనల నడ్డగించెను. గుఱ్ఱములు త్రాగుటకు నీరు లేదని స్వామి చెప్పగా, అస్త్రముతో భూమిని భేదించి కొలనును, బాణములతో గృహమును కల్పించెను. ఆ నీడలో శ్రీకృష్ణుడు గుఱ్ఱములను విప్పి, వాని మేన నాటిన బాణములను స్వహస్తములతో పెఱికి, ఒడలు నిమిరి, నీరు త్రాగించి, మేత మేపి, బడలిక తీరిన పిమ్మటనే మరల రథమునకు పూన్చెను. ప్రతిజ్ఞయు ఆనాడే నెఱవేరెను.

చెన్నపురి తిరువల్లిక్కేణిలో శ్రీపార్థసారథిస్వామి ఉత్సవమూర్తి ముఖమున భీష్ముని బాణముల గుర్తులను భక్తులు నేటికిని దర్శింతురు. తన గాయములను సహించిన స్వామి, తన గుఱ్ఱముల గాయములను మాత్రము సహింపలేదు.

రథికుని విజయము గుఱ్ఱముల బలముపై నిలిచియుండును. కాని అవి తమ బాధను చెప్పుకొనజాలవు, యజమానుడే కనిపెట్టవలెను. పని యెంత తొందరదైనను, మనకై శ్రమించు మూగజీవికి ముందుగా నీరు చూపి, కాడి క్రింద మెడ ఒరసినదేమో పరికించుట గృహస్థునకు ధర్మము. గీత నుపదేశించిన స్వామి ఆచరించి చూపిన పాఠమిది.