కంప్యూటరు “స్మృతి చాలదు” అన్నప్పుడు

మన విద్యార్థుల ఇండ్లలో నేడు కనబడు కంప్యూటర్లలో పెక్కు లామింగ్టన్ రోడ్డున కొన్న పాతవి. గ్రాంట్ రోడ్డు స్టేషనునుండి నడక దూరముననే ఆ దుకాణము లున్నవి గనుక, అల్ప ధనమునకు యంత్రము దొరకుట కామాఠీపుర వాసులకు గల సౌకర్యము. అట్టి పాత యంత్రములలో లినక్సు అను వ్యవస్థ చక్కగా నడచును. దానికి వెల లేదు. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థియైన లైనస్ టోర్వాల్డ్స్ దానిని ప్రారంభించెను. అయితే దోషము కలిగినప్పుడు యంత్రము ఆంగ్లమున నొకమాట చెప్పును. దుకాణదారు హిందీలోనో మరాఠీలోనో మరియొకటి చెప్పును. ఇంట తల్లిదండ్రులు తెలుగున అడుగుదురు. ఈ మువ్వురి నడుమ అర్థమును మోయవలసినవాడు విద్యార్థియే. కావున అట్టి దోషము నొకదానిని ఇచట వివరింతుము.

“కెనాట్ ఎలొకేట్ మెమరీ” అను వాక్యము తెరమీద వచ్చును. దాని సంఖ్య 12. అడిగినంత స్మృతిని కేటాయింపజాలనని దాని అర్థము. స్మృతి చెడిపోయినదని అందు లేదు. చాలకపోవుట వేరు, చెడిపోవుట వేరు. ఈ భేదము తెలియకనే పెక్కుమంది ధనము వ్యయపరచుచున్నారు. (మేము స్మృతి యని వ్రాయుచున్నాము గాని, మీరు దుకాణమున ర్యామ్ అనియే అడుగుడు, స్మృతి యన్నచో ధర్మశాస్త్ర గ్రంథ మనుకొందురు.)

లినక్సులో ‘ప్రాక్’ అను నొక సంచి కలదు. అందలి ఫైళ్ళు డిస్కుమీద లేవు. నడుచుచున్న పనులను ఫైళ్ళవలె చూపుట యను ఈ ఊహను 1984లో బెల్ లాబొరేటరీలకు చెందిన టామ్ కిలియన్ యూనిక్సు కొరకు ప్రకటించెను. లినక్సు దానిని గ్రహించి విస్తరించినది. రేషను దుకాణమునకు పోయి చక్కెర ఎంత మిగిలినదని అడిగినచో, దుకాణదారు బస్తా చూచి నోటితో చెప్పును గదా! ముందుగా వ్రాసిన చీటీ లేదు. అట్లే ‘మెమ్‌ఇన్ఫో’ అను ఫైలును మీరు చదువగోరినప్పుడే వ్యవస్థ యొక్క కేంద్రభాగమైన కెర్నెల్ దానిని వ్రాసి యిచ్చును. అందుచేతనే జాబితాలో దాని పరిమాణము సున్న యని కనబడును, చదివినచో మాత్రము అనేక పంక్తులు వచ్చును.

దీనికి విపరీతమైనది ‘కేకోర్’. నాలుగు గిగాబైట్ల ర్యామ్ గల 64 బిట్ల యంత్రమున గూడ దాని పరిమాణము సుమారు 128 టెరాబైట్లని జాబితా చూపును! అది డిస్కున నొక్క బైటు స్థలమైనను ఆక్రమింపదు. ఆ అంకె వీలైన చిరునామాల విస్తీర్ణమేగాని ఉన్న వస్తువు కాదు. ఒక విద్యార్థి దీనినే చూచి, డిస్కును నింపుచున్న చెత్త యిదేయని తలచి, అధికారి హోదాలో సంపాదక కార్యక్రమమున తెరచినాడు. ఆ కార్యక్రమము ఫైలునంతయు స్మృతిలోనికి తెచ్చుకొనజూచెను. యంత్రము స్తంభించి, పై వాక్యము చూపెను. చూచిన దుకాణదారు ర్యామ్ మార్చవలెనని తండ్రికి చెప్పినాడు. అది ఆ ఇంటికి నాలుగు దినముల కూలి. బాలుడు తెరమీది వాక్యమును అక్షరము తప్పక వ్రాసికొని యుండుటచే ఆ వ్యయము తప్పినది. ర్యామ్ నిక్షేపముగా నున్నది.

‘మెమ్’ అను మరియొక ఫైలు గలదు. దానిని మొదటినుండి చదువబోయిన “ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్” అని వచ్చును. ఎనుబది ఖోలీల చాల్‌లో నాలుగు వందలవ ఖోలీకి జాబు వచ్చినచో తపాలా బంట్రోతు ఏమి చేయును? త్రిప్పి పంపును. సున్న చిరునామాయందు కార్యక్రమమునకు నివాసము లేదు. ఏయే చిరునామాలలో నివాస మున్నదో ‘మ్యాప్స్’ అను ఫైలు చెప్పును. ఇదియు దోషము కాదు. కాని మీరు వ్రాసికొన్న పాఠము, ఛాయాచిత్రము వంటి సామాన్యమైన ఫైలును తెరచునప్పుడు అదే మాట వచ్చెనా, డిస్కు చెడుచున్నదని భయపడవలసినదే. మరే పరీక్షయు చేయక ముందు ముఖ్యమైనవాని నన్నిటిని వేరొకచోట నకలు చేసికొనుడు.

ఇక పరీక్షించు విధము. ఏ ఫైలు చదువునప్పుడు వాక్యము వచ్చినదో మొదట చూడవలెను. ప్రాక్ లోనిదైనచో యంత్రమును నిందింపనక్కరలేదు. మొత్తము డిస్కునందు ఒక పదమును వెదకుమని ‘గ్రెప్’కు చెప్పినప్పుడు అది ప్రాక్ లోనికిని దూరి “మెమరీ ఎగ్జాస్టెడ్” అనుట కలదు, ఆ సంచిని విడిచి వెదకవలెను. తరువాత మెమ్‌ఇన్ఫోలో ‘మెమ్‌అవైలబుల్’ అను పంక్తి చూడుడు. దాని పైనున్న ‘మెమ్‌ఫ్రీ’ చిన్నదిగా నున్నను కలవరపడరాదు: ఖాళీ స్మృతిని లినక్సు ఊరక నుంచక, చదివిన ఫైళ్ళను అందుంచుకొని, అవసరమైనప్పుడు వదలును. ఈ అవైలబుల్ పంక్తి 2014లో చేర్చబడినది. అది నిండుగా నున్నను దోషము వచ్చుచున్నచో, ‘యులిమిట్’ అను ఆజ్ఞతో ఆ కార్యక్రమమునకు హద్దు విధింపబడినదేమో చూడవలెను. డి, ఎం, ఇ, ఎస్, జి అను అయిదక్షరముల ఆజ్ఞ కెర్నెల్ దినచర్యను చూపును; అందు “అవుట్ ఆఫ్ మెమరీ” అనియు, “కిల్డ్ ప్రాసెస్” అనియు నున్నచో, నిజముగనే స్మృతి చాలక కెర్నెల్ ఒక కార్యక్రమమును ఆపివేసినదని గ్రహింపవలెను.

ర్యామ్ చెడినప్పటి లక్షణములు వేరు. ఈ దినము ఒకచోట, రేపు మరియొకచోట దోషము తోచును. ఒక పెద్ద ఫైలునకు ‘షా256సమ్’ లెక్క కట్టి, యంత్రమును ఆపి మరల నడపి, తిరిగి కట్టుడు. ఆపకుండ కట్టిన ప్రయోజనము లేదు, మొదట చదివినదే స్మృతినుండి మరల వచ్చును. రెండు లెక్కలు భేదించినచో ర్యామ్‌ను గాని, డిస్కు తీగను గాని అనుమానింపవచ్చును. నిశ్చయమునకు ‘మెమ్‌టెస్ట్86 ప్లస్’ను పెన్‌డ్రైవునుండి రాత్రియంతయు నడుపవలెను. ఎరుపు పంక్తి వచ్చినచో, విద్యుత్తు తీసివేసి, ముక్కను వెలికిదీసి, దాని బంగారు అంచును రబ్బరుతో మెల్లగా తుడిచి, మరల బిగించి చూడుడు. కొన్నిమారులు దానితోనే తీరును. తీరనిచో కొనవలసినదే. అప్పుడు తల్లిదండ్రులు పాత ముక్కనే వెంట గొనిపోవలెను. డీడీఆర్3, డీడీఆర్4 ముక్కల గాట్లు వేరు చోట్ల నుండును, ఒకదాని గూట మరియొకటి దిగదు.