బుడగలే పంపు

నేను కట్టిన చేపల తొట్టి ఫిల్టర్‌లో, నీళ్లలో తిరిగే భాగం ఒక్కటీ లేదు. స్పాంజి మధ్య నిలువు గొట్టం, దాని అడుగున గాలి వదిలే సన్న ట్యూబు, అంతే. బుడగలు కలిసిన నీరు తేలికవుతుంది. చుట్టూ ఉన్న బరువైన నీరు దాన్ని పైకి నెడుతుంది. గాలి ఎంత లోతులో వదిలితే అంత మంచిది. గొట్టం పైకొస నీటిమట్టం దగ్గరే ఉంచండి. వాల్వు కొద్దికొద్దిగా తిప్పండి. గాలి మరీ ఎక్కువైతే గొట్టమంతా అదే నిండి, నీరు తగ్గిపోతుంది. గాలి పంపును నీటిమట్టానికి పైన పెడితే, కరెంటు పోయినా నీళ్లు అందులోకి వెనక్కి రావు.

స్పాంజిలోని బాక్టీరియా చేపలు వదిలే అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మారుస్తుంది. కుళాయి నీళ్లతో కడిగితే క్లోరిన్‌కి అది చస్తుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే స్పాంజిని మెల్లగా పిండండి. నీళ్లు ఎంత తేటగా ఉన్నా అమ్మోనియా కంటికి కనబడదు. చేపల ప్రాణం ఆ మురికి స్పాంజిలోనే ఉంది.