నిదానమే ప్రధానం

“నిదానమే ప్రధానం” అన్నది పెద్దల మాట. నిదానమంటే తొందరపడకపోవడమని లోక వ్యవహారం. సంస్కృతంలో ఆ పదానికి మూలకారణమని అర్థం. రోగకారణాన్ని నిర్ణయించే భాగాన్ని ఆయుర్వేదం నిదానమనే పేర్కొంటుంది. ఈ రెండర్థాలు ఒక్కచోట కలిసిన సందర్భం నాకు లేపాక్షిలో ఎదురయింది.

లేపాక్షి హిందూపురానికి చేరువలోని గ్రామం. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడేవరకు అనంతపురం జిల్లాలో ఉండేది. 16వ శతాబ్దపు వీరభద్రాలయం, ఏకశిలా నంది ఆ ఊరికి కీర్తి తెచ్చాయి. వానలకై ఆకాశం వంక చూడటం ఆ పీఠభూమి రైతులకు నిత్యకృత్యం. అక్కడ బంధువుల ఇంట ఉండగా, ఒక సాయంకాలం పొరుగింటి వృద్ధ రైతు తన మనుమరాలిని వెంటబెట్టుకొని వచ్చాడు. ఆమె ఇంటర్మీడియట్ పూర్తిచేసింది. ఇంజనీరింగ్ ప్రవేశానికి కళాశాలల ఐచ్ఛికాలను నమోదు చేయడానికి ఆ రాత్రే తుది గడువు. పొడవైన ఆ పట్టికను ఫోను చిన్న తెరపై నింపబోయి ఆమె రెండుసార్లు పొరబడింది. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంది. కాని ఆ వారమే అమర్చిన కొత్త రూటర్‌తో అది కలవడం లేదు.

“పాతదైపోయింది సార్, కొత్తది కొనాల్సిందే” అన్నాడు తాత నిస్పృహతో.

“మీ బోరులో నీళ్లు రాకపోతే ముందు ఏం చూస్తారు?” అని అడిగాను.

“కరెంటుందా లేదా చూస్తా. ఆమీద స్టార్టరు, తర్వాత మోటారు. అవన్నీ బాగుండాయంటేనే బోరు ఎండిందనుకుంటా.”

ఆ సమాధానంలోనే మాకు కావలసిన పద్ధతి ఉంది. ఇంటి వై-ఫైతో యంత్రం కలవడానికి నాలుగు సోపానాలున్నాయి. మొదటిది, రూటర్ ప్రకటించే పేరును యంత్రం గుర్తించడం. పేరే కనబడకపోతే వై-ఫై మీట ఆగి ఉండవచ్చు. దూరమో, రాతిగోడలో అడ్డుపడుతుండవచ్చు. పాత యంత్రాలు కొన్ని 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలనే గ్రహిస్తాయి; వాటికి 5 గిగాహెర్ట్జ్ పేర్లు గోచరించవు. రెండవది రహస్యపదం పరీక్ష. మూడవది, రూటర్ యంత్రానికి ఒక చిరునామా ఇవ్వడం. అది అందకపోతే ల్యాప్‌టాప్ సాధారణంగా 169.254తో మొదలయ్యే సంఖ్యను తనకు తానే పెట్టుకొంటుంది. నాలుగవది రూటర్ నుండి బయటి ప్రపంచానికి దారి. మొదటి మూడూ సరిగా ఉండి, ఇంట్లో ఏ యంత్రంలోనూ పుటలు తెరుచుకోకపోతే దోషాన్ని రూటర్‌లోనో, దానికి వచ్చే తీగలోనో వెదకాలి.

ల్యాప్‌టాప్ తెరపై కొత్త రూటర్ పేరు కనబడుతూనే ఉంది. కనుక మొదటి మెట్టు సురక్షితం. రహస్యపదం చెప్పగానే “కలపడం సాధ్యం కాలేదు” అన్న సందేశం వస్తున్నది. చిక్కు రెండవ మెట్టులోనే! పాత రూటర్ పేరునే కొత్తదానికీ పెట్టారు కాబట్టి, ల్యాప్‌టాప్ పాత రహస్యపదాన్నే వినిపిస్తున్నదేమోనని జ్ఞాపకంలోని ఆ వివరాన్ని చెరిపించాను. పెద్దక్షరాల మీటను చూసి, రహస్యపదాన్ని కంటికి కనబడేలా మళ్లీ టైపు చేయించాను. ఫలితం లేదు.

అప్పుడు తర్కశాస్త్రంలోని అన్వయ వ్యతిరేకాలు తోడువచ్చాయి. కారణం ఉన్నచోట కార్యం ఉండటం అన్వయం. అది లేనిచోట ఇదీ లేకపోవడం వ్యతిరేకం. ఫోను అదే రహస్యపదంతో అదే రూటర్‌కు కలుస్తున్నది. కాబట్టి రూటర్ పనిచేస్తున్నది. ఇంట్లో మొబైల్ సిగ్నల్ అందక, డాబాపైకి వెళ్లి ఫోను హాట్‌స్పాట్‌కు ల్యాప్‌టాప్‌ను కలిపాము. పుటలు తెరుచుకొనేంత వేగం లేదు గాని, అనుసంధానం కుదిరింది. కాబట్టి ల్యాప్‌టాప్ కూడా చెడిపోలేదు. దోషం ఏ ఒక్కదానిలోనూ లేదు, ఆ రెండింటి పొత్తులో ఉంది.

వై-ఫై రక్షణ విధానాలు కాలక్రమంలో మారాయి. 1997 నాటి డబ్ల్యూఈపీ బలహీనమని 2001 నాటికే తేలిపోయింది. 2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ-2, 2018లో డబ్ల్యూపీఏ-3 వచ్చాయి. రూటర్ అడుగున ముద్రించిన చిరునామాను ఫోనులో తెరచి సెట్టింగులు చూడగా, “డబ్ల్యూపీఏ-3 మాత్రమే” అని ఉంది. ల్యాప్‌టాప్ అంతకు ఏళ్ల ముందుది; ఆ భాష దానికి తెలియదు.

“ఆ తాళమే తీసేస్తే పోదా సార్?” అన్నాడు తాత.

పోతుంది, దానితోపాటు ఇంటి రక్షణ కూడా పోతుంది. తాళంలేని వై-ఫైలో దారినపోయేవారెవరైనా చేరవచ్చు. వారు చేసిన తప్పు ఇంటి యజమాని మెడకు చుట్టుకోవచ్చు. అందుకు మారుగా, పాత కొత్త యంత్రాలు రెండూ చేరగల డబ్ల్యూపీఏ-2/డబ్ల్యూపీఏ-3 మిశ్రమ విధానాన్ని ఎంచుకొన్నాము. రహస్యపదం అలాగే ఉంది. ల్యాప్‌టాప్ నిమిషంలో కలిసింది. రాత్రి పది దాటకముందే ఆ అమ్మాయి తన ఐచ్ఛికాలను నమోదుచేసి, ఒకటికి రెండుసార్లు సరిచూసుకొంది.

విద్యార్థులు గమనించవలసిన విషయమొకటుంది. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే యంత్రం బాగుపడినా కారణం తెలియదు. రేపు మళ్లీ అదే చిక్కు వస్తే మళ్లీ చీకటే. ఒక్కొక్కటిగా మార్చి, ప్రతిసారీ ఫలితాన్ని చూడాలి. ఆ వృద్ధునికి వై-ఫై తెలియదు. నాకు బోరుబావి తెలియదు. ఐనా మా ఇద్దరికీ తెలిసిన పద్ధతి ఒక్కటే. కారణం తెలిసేదాకా తొందరపడకపోవడమే నిదానం.

అర్థాలు

సోపానం = మెట్టు
గోచరించు = కనబడు
ఐచ్ఛికం = ఇష్టానుసారం ఎంచుకొనేది
నిస్పృహ = ఆశ వదులుకోవడం

ప్రశ్నలు

1. నిదానం అనే పదానికి గల రెండర్థాలను పాఠం ఆధారంగా సమన్వయించండి.
2. దోషం రూటర్‌లోగాని ల్యాప్‌టాప్‌లోగాని లేదని రచయిత ఎలా నిర్ణయించాడు?
3. రహస్యపదాన్ని తొలగించడం ఎందుకు తగదు?