ఈ గోలీలు మనకంటే ముందు ఎవరు మింగారు?



ఈ సంచికలోని ఆరోగ్య పాఠం ఒక అమ్మ అడిగిన ప్రశ్నతో మొదలవుతుంది. ఆమెది నారాయణపేట వైపు ఒక పల్లె. వీపు మీద, మోచేతి దగ్గర ఎర్రబారిన మచ్చలు ఉన్నాయి. దూదితో తాకితే ఆమెకు తెలియడం లేదు. పరీక్ష చేసి, ఇది కుష్ఠు వ్యాధి, పూర్తిగా నయమవుతుంది అని చెప్పి మాత్రల అట్ట చేతిలో పెట్టాము. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "సారూ, ఇంత పెద్ద రోగానికి గోలీలు ఊకెనే ఇస్తున్నరు. మా మీద పరీక్ష చేస్తున్నరా ఏంది?" అని అడిగింది. పక్కనున్నవారు నవ్వారు. మాకు మాత్రం నవ్వు రాలేదు. అది అడగవలసిన ప్రశ్నే.

లేదమ్మా, పరీక్షలు ఎప్పుడో జరిగిపోయాయి అని ఆమెకు చెప్పాము. ఎక్కడ, ఎవరి మీద జరిగాయో ఆరోజు చెప్పేంత తీరిక లేకపోయింది. ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాము.

ఆ కథలో ఒక ఊరు మనకు తెలిసినదే. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లి. స్కాట్లాండు నుండి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ మెథడిస్టు మిషనరీలు. కుష్ఠు ఉన్నవారిని ఊరి బయటికి తోలేసే రోజుల్లో వారి కొరకు ఒక ఆశ్రయం ప్రారంభించారు. నిజామాబాదుకు చెందిన రాజా నర్సా గౌడ్ అనే హిందూ దాత పెద్ద మొత్తం ఇచ్చారు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి తెరిచారు. అప్పట్లో ఉన్న మందు ఒక్కటే, చాల్‌మూగ్రా జాతి గింజల నుండి తీసిన నూనె. దాన్ని సూదితో ఎక్కించేవారు. ఎక్కించిన చోట వాచేది, నొప్పి పుట్టేది. వ్యాధి తొలిదశలో ఉన్న కొందరికి మేలు కనబడేది, ముదిరినవారికి పెద్దగా ఏమీ జరిగేది కాదు. అయినా జనం నడిచి, బండ్ల మీద, రైలు మీద అక్కడికి చేరేవారు. దాక్కోవలసిన పని లేకుండా వైద్యం దొరికే చోటు అది. ఇసబెల్ కెర్ 1932లో కన్నుమూసే వరకు ఆ పనిలోనే ఉన్నారు.

1920 దశకంలో అక్కడ పనిచేసిన ఒక యువ వైద్యుడి పేరు జాన్ లో. నూనె సూదుల మంచీ చెడూ ఆయన కళ్లారా చూశారు. తరువాత కలకత్తాలోని ట్రాపికల్ మెడిసిన్ స్కూల్‌కు వెళ్లారు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఆఫ్రికాలోని నైజీరియాకు, ఉజువాకోలి అనే ఊరికి వెళ్లారు. అక్కడిదీ మెథడిస్టు మిషను స్థాపించిన కుష్ఠు ఆసుపత్రే.

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి. 1941లో అమెరికాలోని కార్‌విల్ ఆసుపత్రిలో సల్ఫోన్ జాతి మందు ఒకటి కుష్ఠుకు పనిచేస్తుందని మొదటిసారి తేలింది. దాన్ని రోజూ నరంలోకి ఎక్కించాలి, ఖర్చు ఎక్కువ. ఆ జాతికి మూలమైన మందు డాప్సోన్. అది చవక. అయితే నోటితో ఇస్తే విషమవుతుందని వైద్యులకు భయం. పెద్ద మోతాదులో ఇచ్చి చూసి చేతులు కాల్చుకున్నారు మరి. ఉజువాకోలిలో జాన్ లో మోతాదు బాగా తగ్గించి, మాత్రగా ఇచ్చి, రోగులను నెలల తరబడి దగ్గరుండి గమనించారు. చిన్న మోతాదు చాలునని, నోటితో మింగినా పనిచేస్తుందని 1950 నాటికి వైద్యలోకానికి చూపించారు. సూది పోయింది, మాత్ర వచ్చింది. మాత్ర అయితే పల్లెకు పంపవచ్చు. కుష్ఠు రోగి ఇల్లు విడిచి ఆశ్రమంలో ఉండవలసిన అవసరం అక్కడినుండే తగ్గుతూ వచ్చింది.

మీ అట్టలో రోజూ మింగే 100 మిల్లీగ్రాముల డాప్సోన్ ఆ మాత్రే.

అట్టలో ముదురు గోధుమ రంగు మెత్తటి గోలీ కూడా ఉంటుంది, క్లోఫాజిమిన్. దీన్ని ఐర్లాండులో క్షయ కొరకు తయారు చేశారు. కుష్ఠుకు పనిచేస్తుందని మొదట చూపించింది 1962లో, మళ్లీ ఉజువాకోలిలోనే, డాక్టర్ స్టాన్లీ బ్రౌన్, డాక్టర్ హోగర్‌జైల్. ఆ ఆసుపత్రి రోగులను లెక్కల్లోని అంకెలుగా అనుకోకండి. వారిలో ఐకోలి హార్‌కోర్ట్ వైట్ అనే ఆయన ఒకరు. ఆసుపత్రిలోనే గాయక బృందాన్ని నడిపి, ఇగ్బో భాషలో ఎన్నో ఆరాధన గీతాలు కూర్చారు. ఆ దేశపు సంఘాలలో ఆయన పేరు తెలియనివారు తక్కువ. మన గోలీలు మనకంటే ముందు మింగింది ఇలాంటి మనుషులు.

కథ తిరిగి డిచ్‌పల్లికే వస్తుంది. ఉజువాకోలిలో చాలా ఏళ్లు పనిచేసిన డాక్టర్ ఫ్రాంక్ డేవీ తరువాతి కాలంలో మన డిచ్‌పల్లికి వచ్చారు. కుష్ఠు ఒకరి నుండి ఒకరికి ఎలా పోతుందన్నది అప్పటికీ సరిగా తెలియదు. చర్మం తాకితే అంటుతుందని అందరి నమ్మకం. డేవీ రోగుల ముక్కులు పరీక్షించారు. వారు చీదిన చీమిడిని సేకరించి అందులోని క్రిములను లెక్కపెట్టించారు. వినడానికి అసహ్యంగా ఉండవచ్చు, కాని ఎంతో విలువైన పని. రీస్ అనే శాస్త్రవేత్తతో కలిసి 1974లో ప్రచురించిన ఆ పరిశోధన, వ్యాధి ముదిరి మందు మొదలుపెట్టని రోగి ముక్కు నుండి రోజుకు కోటి వరకు బతికున్న క్రిములు బయటికి రావచ్చని చూపింది. అంటే దారి ముఖ్యంగా ముక్కు, శ్వాస. కరచాలనం కాదు, పక్కన కూర్చోవడం కాదు, ఒకే కంచంలో తినడం కాదు.

పైగా వందలో సుమారు 95 మందికి ఈ క్రిమిని తట్టుకునే శక్తి ఒంట్లోనే ఉంటుంది. మందు మొదలుపెట్టిన రోగి నుండి త్వరలోనే ఇతరులకు సోకడం ఆగిపోతుంది. కాబట్టి గోలీ మింగుతున్నవారిని ప్రభు భోజనపు వరుసలో వెనక్కి నిలబెట్టే సంఘాలు ఇంకా ఎక్కడైనా ఉంటే, వారు డిచ్‌పల్లిలో 50 ఏళ్ల కిందట తేలిన మాట తెలుసుకోవలసి ఉంది. లేవీయకాండము 13, 14 అధ్యాయాలను అడ్డం పెట్టేవారికి ఒక మాట. అక్కడ "కుష్ఠు" బట్టలకు, ఇంటి గోడలకు కూడా వస్తుంది. మనం మాట్లాడే వ్యాధి గోడలకు రాదు. అదే పదం అనువాదంలో వాడారు గాని, అదీ ఇదీ ఒకటి కాదు.

ఇంతకీ మూడు మందులు ఎందుకు? డాప్సోన్ ఒక్కటే ఏళ్ల తరబడి వాడడం వల్ల, మధ్యమధ్య మానేయడం వల్ల, క్రిమి దానికి అలవాటు పడింది. మందుకు లొంగని క్రిములు ఉన్నాయని 1964లో మలేసియాలో రుజువైంది. అందుకే రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్, డాప్సోన్ కలిపి ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 1981లో నిర్ణయించారు. మన దేశంలో 1983 నుండి ఈ పద్ధతి మొదలైంది. మచ్చలు, నరాలు ఎంతమేర దెబ్బతిన్నాయో చూసి 6 నెలలు గాని 12 నెలలు గాని ఇస్తారు. 2005 చివరికి దేశం మొత్తం మీద రోగుల సంఖ్య పదివేల మందికి ఒకరికంటే తగ్గింది. దాంతో చాలామంది కుష్ఠు పోయిందనుకున్నారు. పోలేదు. ప్రపంచంలో ఏటా కొత్తగా బయటపడేవారిలో సగానికి పైగా మన దేశంలోనే ఉన్నారు.

మందు మానేయడానికి మా దగ్గరకు వచ్చేవారు చెప్పే కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే. మొదటిది రంగు. క్లోఫాజిమిన్ వల్ల ఒళ్లు, ముఖ్యంగా మచ్చలు నల్లబడతాయి. "మొఖం చూసి ఊళ్లో కనిపెడుతున్నరు" అని పెళ్లికావలసిన ఆడపిల్లలు ఏడుస్తారు. ఆ రంగు మందు ఆపాక నెలల మీద మెల్లగా పోతుంది. మందు మానేస్తే పోయిన స్పర్శ మాత్రం తిరిగి రాకపోవచ్చు. నెలకోసారి రిఫాంపిసిన్ మింగిన రోజు మూత్రం ఎర్రగా వస్తుంది. అది రక్తం కాదు.

రెండవది నొప్పి. మందు వాడుతుండగానే మచ్చలు ఉబ్బి ఎర్రబడడం, మోచేతి దగ్గర నరం లాగడం, చేతిలో లేదా పాదంలో బలం తగ్గడం జరగవచ్చు. దీన్ని రియాక్షన్ అంటారు. మందు పడలేదని గోలీలు పారేయకండి. గోలీలు మింగుతూనే వెంటనే రండి. నరం దెబ్బతిన్న తొలి నెలల్లో స్టెరాయిడ్ ఇస్తే చేయి దక్కుతుంది, ఆలస్యమైతే దక్కదు. ఒక్క సందర్భంలో మాత్రం మాత్రలు ఆపి అదే రోజు రావాలి. మొదలుపెట్టిన తొలి వారాల్లో జ్వరంతో పాటు ఒళ్లంతా దద్దుర్లు గాని, కళ్లు పచ్చబడడం గాని కనబడితే ఆగవద్దు.

మూడవది వలస. కాలువ నీళ్లు వచ్చిన ఊళ్లలో తగ్గింది గాని, దేవరకొండ, అచ్చంపేట, మక్తల్ వైపు నుండి బొంబాయికి, పూణెకు పనికి పోయేవారు ఇంకా ఉన్నారు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నాక మందు కొరకు ఆగమంటే ఎవరాగుతారు? మేము కూడా ఆగమని చెప్పము. బయలుదేరే ముందు ఒక్క పూట మా దగ్గరకు గాని, మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి గాని వచ్చి చెప్పండి. ఒక్కో అట్ట 28 రోజులకు సరిపోతుంది. అవసరమైనన్ని అట్టలు ఒకేసారి చేతికివ్వడానికి వీలుంది. మధ్యలో కొన్ని వారాలు తప్పినా సిగ్గుపడి ఇంట్లో కూర్చోవద్దు. 6 నెలల మందును 9 నెలల లోపు, 12 నెలల మందును 18 నెలల లోపు పూర్తి చేయవచ్చు.

ఇంట్లో ఒకరికి తేలితే మిగిలినవారందరినీ తీసుకురండి. మచ్చలు లేనివారికి ఒక్కసారి మింగే రిఫాంపిసిన్ ఇచ్చి ముందే అడ్డుకట్ట వేసే పద్ధతి ఇప్పుడు ఉంది.

ఆ నారాయణపేట అమ్మ మూడవ అట్టకు వచ్చినప్పుడు చెల్లెలిని వెంట తెచ్చింది. చెల్లెలి తొడ మీద రూపాయి బిళ్లంత పాలిపోయిన మచ్చ ఉంది. దురద లేదు, నొప్పి లేదు, తాకితే తెలియడం లేదు. మూడేళ్లుగా ఉందట.