నజ్రాన్ అతిథులు

యమన్ సరిహద్దుకు చేరువలోని నజ్రాన్ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) కాలంలో అరేబియా క్రైస్తవులకు ముఖ్య కేంద్రం. మక్కా విజయం తర్వాత అరేబియా పరిస్థితులు వేగంగా మారిపోయాయి. తెగలన్నీ మదీనాకు ప్రతినిధి బృందాలను పంపసాగాయి. నజ్రాన్ క్రైస్తవులు కూడా వచ్చారు. వారు 60 మంది అని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి.

వారు మస్జిదె నబవీలో ఉండగా వారి ప్రార్థనా సమయమయింది. తూర్పుకు తిరిగి తమ పద్ధతిలో ప్రార్థనకు నిలబడ్డారు. వారిని చేసుకోనివ్వండని దైవప్రవక్త (స) అన్నారు. ఈ ఉల్లేఖనం సనదు బలహీనమన్న పండితులు లేకపోలేదు. అయితే ఇమామ్ ఇబ్నె ఖయ్యిమ్ (రహ్మలై) దీని ఆధారంగానే, గ్రంథ ప్రజలు అనుకోకుండా తటస్థించిన సందర్భంలో ముస్లిముల సమక్షంలో ప్రార్థించుకోవచ్చని, దాన్ని అలవాటుగా మాత్రం మార్చకూడదని రాశారు.

ఇక సంభాషణ హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) గురించి. వారు తమ విశ్వాసాన్ని దాచలేదు. ఆయన (స) కూడా ఈసా (అ) దైవదాసుడు, ప్రవక్త అన్న సత్యాన్ని మొహమాటానికి తగ్గించి చెప్పలేదు. చివరికి ముబాహలాకు పిలుపు వచ్చింది (ఆలి ఇమ్రాన్: 61). వారు దానికి సిద్ధపడలేదు. ఇస్లాం స్వీకరించనూ లేదు.

మనలో చాలామంది ఈ వృత్తాంతాన్ని ఇక్కడే ఆపేస్తారు. వాదంలో గెలిచామన్న తృప్తి కాబోలు! కాని అసలు విషయం ఆ తర్వాతే ఉంది. వారితో ఒప్పందం కుదిరింది. వారు 2000 జతల వస్త్రాలు చెల్లించాలి. వారి చర్చీలను కూల్చరాదు, మతగురువులను వెళ్ళగొట్టరాదు, ధర్మం విషయంలో వారిని బాధించరాదు (అబూ దావూద్). అప్పుడు వారొక కోరిక కోరారు: నమ్మకస్తుడైన మనిషిని మా వెంట పంపండి! దైవప్రవక్త (స) హజ్రత్ అబూ ఉబైదా బిన్ జర్రాహ్ (రజి)ను లేపి, ఈయన ఈ ఉమ్మత్ విశ్వసనీయుడని చెప్పి పంపారు (బుఖారీ). తమ ఆస్తి తగాదాలు తీర్చటానికే వారలా అడిగారని సీరత్‌కారులు రాశారు.

సోదర సోదరీమణులారా! మన విశ్వాసాన్ని అంగీకరించనివారు మన నిజాయితీని అడిగి తీసుకువెళ్ళారు. ఈనాడు మన వీధిలోని క్రైస్తవ కుటుంబమో, హిందూ కుటుంబమో అన్నదమ్ముల పంపకాల్లో మధ్యవర్తి కావాలనుకుంటే మనలో ఎవరి తలుపు తడుతుంది?

ముబాహలా ఆయతు వెనువెంటనే అదే సూరాలో, మనకూ మీకూ సమానమైన విషయం వైపునకు రండన్న పిలుపు ఉంది (64). 2007 అక్టోబరు 13న వివిధ దేశాల 138 మంది ముస్లిం పండితులు ఆ ఆయతునే ఆధారం చేసుకొని పోప్‌కు, ఇతర క్రైస్తవ పెద్దలకు బహిరంగ లేఖ రాశారు. దాని ఫలితంగా 2008 నవంబరులో రోములో ఇరుపక్షాల పండితులు సమావేశమయ్యారు. త్రిత్వం విషయంలో ఎవరి మాట వారిదే. అయినా అల్పసంఖ్యాక మతస్థులకు తమ ఆరాధనాలయాలు కలిగి ఉండే హక్కు ఉందని ఉభయులూ కలిసి ప్రకటించారు.